ఎంత అతకదో కొలిచి చెప్పిన మేస్త్రిగారు

మొన్న బుధవారం పొద్దున్న తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. లెవెళ్ల మేస్త్రిగారి పెద్దమ్మాయి. "నాన్నగారు తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారండి. నిద్రలోనే. మీకు చెప్పమని అమ్మ అంది" అంది. ఒక్క క్షణం ఆగి, "ఏమీ బాధ పడలేదండి" అని నన్నే ఓదారుస్తున్నట్టు చెప్పింది. నేను బాపట్లలో బండెక్కి తెనాలి చేరేసరికి చర్చిలో ప్రార్థన మొదలైంది. చివరి బల్ల మీద కూర్చున్నాను. పాస్టరుగారు ఆయన విశ్వాసం గురించీ ఓర్పు గురించీ చెప్పారు. రెండూ నిజమే. ఆయన చేతుల గురించి ఎవరూ చెప్పలేదు. చర్చిలో చెప్పుకునే సంగతి కాదు కనుక, నేనిక్కడ రాస్తున్నాను.

ఆయన పని కాలువల శాఖవారి లెవెళ్లు బాగుచెయ్యడం. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, దూరంగా ఒక మనిషి పట్టుకున్న కొలబద్దను చూసి, నేల ఎత్తుపల్లాలు తేల్చే దుర్భిణినే లెవెల్ అంటారు. వయసులో ఉన్నప్పుడు సంగం జాగర్లమూడి వైపు సర్వే జరిగితే అక్కడ కొలబద్ద పట్టుకునే కూలీగా చేరారట. అటువైపు నిలబడి ఊరికే బద్ద పట్టుకోవడం విసుగనిపించి, ఇటువైపు ఆ గొట్టంలో ఏముందో చూడాలనుకున్నారు. ఆ చూడటం నలభై ఏళ్లు సాగింది.

తెనాలిలో ఒక సందులో, ఉత్తరం వెలుగు పడే వరండాయే ఆయన కార్ఖానా. బల్ల మీద పాత కంబళి ముక్క పరిచి ఉండేది, కిందపడిన మర దొర్లిపోకుండా. విప్పిన మరల్ని విప్పిన వరసలోనే ఒక ఇడ్లీ రేకు గుంటల్లో పెట్టేవారు. ఆ రేకు గురించి ఆయన భార్య, నేను పిన్నిగారు అని పిలిచేదాన్ని, నేను వెళ్లిన ప్రతిసారీ ఒక మాట అనేవారు: "అది నా పుట్టింటి రేకమ్మా. ముప్పై ఏళ్లనుంచి ఈయన మరలకి ఆవిరి పెడుతున్నారు." మేస్త్రిగారు తలెత్తకుండానే, "ఇడ్లీలు ఇంకో రేకులో కూడా ఉడుకుతాయి. ఇవి ఇందులోనే సరిగ్గా కూర్చుంటాయి" అనేవారు.

గోడకి ఒక పలక వేలాడేది. వచ్చిన పనులన్నీ దానిమీద వరస నంబర్లతో రాసేవారు. ఎవరొచ్చినా, ఎంత పెద్ద ఉద్యోగి వచ్చినా ఆ వరస తప్పేది కాదు. ఆదివారం స్క్రూడ్రైవరు ముట్టేవారు కాదు. ఈ రెండు నియమాల వల్ల ఆయన మీద కోపం తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఎనభైల చివర్లో, తడిసిన కెమెరాతో ఆయన వరండా ఎక్కాను. అప్పుడు నేను బాపట్లలో జువాలజీ లెక్చరర్ని. వేసవి సెలవులు రాగానే తెనాలి వచ్చి, అక్కడ రేపల్లె పాసింజరు ఎక్కి, రేపల్లె అవతల ఒక పిల్లకాలువ మీదున్న తూము దగ్గరికి నడిచి వెళ్లేదాన్ని. నా పరిశోధన కొర్రమీను మీద. కొర్రమీను పిల్లల్ని వదిలేసి పోయే చేప కాదు. పిల్లలు ఎర్రగా, కుంకుమ చల్లినట్టు నీటి పైపైన గుంపుగా తిరుగుతుంటాయి. తల్లీ తండ్రీ కింద నీడలో కనిపెట్టుకుని ఉంటాయి. అయితే అది పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిన చేప. ఒకటి గాలికి పైకి వెళ్లినప్పుడు రెండోది కచ్చితంగా పిల్లల కిందికొచ్చి నిలబడుతుందనీ, కాపలా ఒక్క నిమిషం కూడా ఖాళీ ఉండదనీ నాలుగు వేసవులు గట్టున కూర్చున్నాక నాకు అనిపించింది. మా గైడుగారికి అనిపించడం చాలలేదు. "చూశానని రాస్తే ఒప్పుకోరమ్మా. రెండు చేపలూ ఒకే ఫొటోలో చూపించు" అన్నారు. ఆయన అన్నది న్యాయమే. పైనుంచి చూస్తే పిల్లలే కనపడతాయి గాని పెద్దవి కనపడవు. ఫొటో నీళ్లలోంచే తియ్యాలి.

కృష్ణా కాలువ పారుతున్నంతకాలం నీళ్లలో చెయ్యి పెడితే చెయ్యే కనపడదు. వేసవిలో కాలువ కట్టేశాక, తూము కింద గుంటలో నిలిచిన నీటిలో బురద అడుక్కి దిగి, రెండడుగుల మేర తేటపడుతుంది. మే నెలాఖరున ఒకటి రెండు వానలు పడితే కొర్రమీను ఆ గుంటలోనే పిల్లల్ని పెడుతుంది. మళ్లీ కాలువ వదిలారంటే అంతా ఎర్రనీరే. ఆ మధ్యనున్న కొద్ది వారాలే నాకున్న ఋతువు. ఆ ఏడాది మరీ ముఖ్యం. పరిశోధనకు ఇచ్చిన గడువు పొడిగించి పొడిగించి చివరికి వచ్చింది. ఆ వేసవి కాలువ వదిలేలోపు ఫొటో రాకపోతే నాలుగేళ్ల పని అక్కడితో ఆగిపోతుంది.

కెమెరా కోసం ఇనప రేకుతో ఒక పెట్టె చేయించాను. ముందొక అద్దం, వెనకొక అద్దం, మూత చుట్టూ సైకిల్ ట్యూబు కోసి పెట్టిన వాషరు, షటరు నొక్కడానికి పక్కనుంచి లోపలికి వెళ్లే ఇత్తడి కడ్డీ. ముందు సగం నీళ్లలో ముంచి, వెనక అద్దంలోంచి చూస్తూ నొక్కాలి. ఫిల్ము తిప్పే ఏర్పాటు లేదు. కనుక ముంచిన ప్రతిసారీ ఒకే ఫొటో. తరవాత పెట్టె బయటికి తీసి, తుడిచి, తెరిచి, ఫిల్ము తిప్పి, మళ్లీ బిగించాలి. అలా ఒకసారి బిగించేటప్పుడు నా తలవెంట్రుక ఒకటి వాషరు కింద ఇరుక్కుంది. అంత సందు చాలు నీటికి.

తెనాలిలో ఒక ఫొటో స్టూడియో ఆయన, "మా వల్ల కాదండి. లెవెళ్ల మేస్త్రిగారికి చూపించండి" అని పంపారు.

మేస్త్రిగారు కెమెరాని చేతిలోకి తీసుకోకముందే అడిగారు: "ఏ నీళ్లండి?"

"కాలువ నీళ్లండి."

"నయమే. నిజాంపట్నం ఉప్పునీళ్లయితే ఈపాటికి మీకు డబ్బా మిగిలేది."

వరసలో నా నంబరు వచ్చేదాకా ఆగి, రెండు రోజులు విప్పి, ఆరబెట్టి, తుడిచి, చివరికి రెండు ముక్కలు రెండు చోట్ల పెట్టారు. "బాడీ పోయిందండి. లెన్స్ బతికింది" అన్నారు. ఆసుపత్రి బయట చెప్పినట్టు, మెల్లిగా.

కాలేజీకి అర్జీ పెడితే, ఆశ్చర్యంగా పదిరోజుల్లో కొత్త కెమెరా వచ్చింది. కొటేషన్లలో తక్కువకి ఇచ్చినవాళ్ల దగ్గర కొన్నారు. అది వేరే కంపెనీది. పైగా బాడీ ఒక్కటే. స్టోర్సు గుమస్తాగారిని అడిగితే, "మీ దగ్గర లెన్స్ ఉందన్నారు కదా మేడమ్. కెమెరా కెమెరాయే కదండి. ఏ కంపెనీ బల్బయినా మన హోల్డరుకి పట్టట్లేదా?" అన్నారు. నా పాత లెన్స్ సీసామూతలా మరలు తిప్పి బిగించేది. కొత్త బాడీ మూతికి మరలే లేవు. మూడు పళ్లున్న లెన్సు పెట్టి పావు చుట్టు తిప్పితే టక్కున పట్టుకునే రకం. మద్రాసులో ఒక పేరున్న షాపుకి ఉత్తరం రాశాను. "అతకదు. పాత లెన్స్ అమ్మేసి, కొత్త బాడీకి సరిపడే లెన్స్ కొనుక్కోండి" అని జవాబు వచ్చింది. ఆ కంపెనీ లెన్స్ కొలతలు చూస్తే నా పెట్టెలో పట్టదు. ముందు అద్దానికి కొట్టుకుంటుంది. కొత్త పెట్టె చేయించేసరికి కాలువ వదిలేస్తారు.

ఆ ఉత్తరం, బాడీ, లెన్స్ మూడూ పట్టుకుని మళ్లీ తెనాలి వెళ్లాను. గుమస్తాగారి బల్బు మాట చెప్పి, నవ్వుతారనుకున్నాను. మేస్త్రిగారు నవ్వలేదు.

"ఆయన అన్నది తప్పు కాదండి. బల్బులవాళ్లు అందరూ ఒక మాట మీదున్నారు. కెమెరాలవాళ్లు లేరు. అది ఆయనకెలా తెలుస్తుంది?" అని ఉత్తరం రెండుసార్లు చదివారు. "అతకదు అని రాశారు, సరే. ఎంత అతకదో రాయలేదేమండి?"

ఆ ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు. తరవాత నా ఉద్యోగ జీవితమంతా విద్యార్థులకి అదే చెప్పాను. కుదరదు అనే ముందు, ఎంత కుదరడం లేదో కొలవండి అని.

వెర్నియరు తీసి కొలిచారు. ప్రతి కంపెనీ తన బాడీ మూతి నుంచి ఫిల్ముకి ఒక దూరం నిర్ణయించుకుంటుంది. ఆ కంపెనీ లెన్స్ ఆ దూరంలో కూర్చుంటేనే ఆకాశం దాకా స్పష్టంగా చూస్తుంది. నా పాత బాడీలో అది నలభై అయిదున్నర మిల్లీమీటర్లు. కొత్తదానిలో మిల్లీమీటరు ఎక్కువ. కాయితం మీద పెన్సిలుతో గీసి చూపించారు. "ఇదే తిరగేసి ఉండి, కొత్త బాడీ లోతు తక్కువైతే, మధ్యలో రింగు వేసి ఆ సందు పూడ్చేవాళ్లం. ఊళ్లో ఏ లేతు మేస్త్రి అయినా చేసిచ్చేవాడు. ఇప్పుడు మీ లెన్స్ ఉండాల్సినచోటికంటే మిల్లీమీటరు ముందుకొస్తుంది. దాన్ని బాడీకి పట్టుకునే రింగు అంచు ఇంకో మిల్లీమీటరు. మొత్తం రెండు. ఈ రెండూ తీసెయ్యడానికి లేదండి. లెన్స్ వెనక భాగం కొయ్యాలి. బతికినదాన్ని నేను కొయ్యను."

నేను అక్కడే లెక్క కట్టాను. లెన్స్ రెండు మిల్లీమీటర్లు ముందుకొస్తే, ఇక అది రెండడుగుల అంగుళంన్నర దాటి దేన్నీ స్పష్టంగా చూడలేదు. ఆ కాయితం ఆయన ముందు పెట్టి, "రెండడుగులు దాటితే అంతా మసకేనండి" అన్నాను. 

ఆయన కాయితం చూసి, నన్ను చూసి, చాలా మర్యాదగా అడిగారు: "మీ గుంటలో రెండడుగులు దాటి ఏముందండి?"

"బురదండి."

"మరి బురద మసగ్గా ఉంటే మీకేం నష్టమండి?"

లోపల్నుంచి పిన్నిగారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. నేనూ ఆ షాపువాళ్లూ ఆకాశం దాకా చూడటం గురించే ఆలోచించాం. నాకు కావలసింది చెయ్యి చాపినంత మేరే అన్న సంగతి ఆయనకి తట్టింది.

అయితే పలక మీద నాకు పన్నెండో నంబరు పడింది. కాలువ కట్టేసిన రోజులే మరమ్మతుల రోజులు. ఎక్కడెక్కడి లెవెళ్లూ అప్పుడే వచ్చి పడేవి. నేను బతిమాలాను. గడువు సంగతి చెప్పాను. "తెలుసండి. మీ ముందున్న పదకొండు మందికీ ఏదో ఒక గడువుంది" అన్నారు. ఆ తరవాత నా నంబరు వచ్చి, ఆయన రింగు అంచు ఆకురాయితో సవరిస్తుండగా ఒక కుర్ర ఇంజనీరుగారు వచ్చి, "ఆ చేపల పెట్టె పక్కనపెట్టి ముందు మా లెవెల్ చూడండి మేస్త్రిగారూ" అన్నప్పుడు, ఆయన అదే గొంతుతో, "అలాగేనండి. చేపలది ముందొచ్చింది. తరవాత మీదే" అన్నారు. నా కోపం అప్పుడు పోయింది.

రింగు చేతికిచ్చింది శనివారం. నేను ఒక్క పూట కూడా ఆగకుండా రేపల్లె బండెక్కాను. తూము దగ్గరుండే లస్కరు, అంటే కాలువ తూము కాపలాదారు, నన్ను నాలుగేళ్లుగా ఎరిగినవాడు. "మీ చేపల్ని ఎవ్వర్నీ ముట్టుకోనివ్వలేదమ్మా. అయినా పులుసుకి పనికొచ్చేదాన్ని పట్టుకుని ఫొటో తీస్తారేంటమ్మా?" అన్నాడు. పెట్టె ముందు రెండడుగుల పుల్ల కట్టి, దాని కొసకి చేప వచ్చినప్పుడే నొక్కాను. పెట్టె మూశాక లెన్స్ తిప్పడానికి ఉండదు కాబట్టి, లెన్స్ మీద రెండడుగుల అంకె దగ్గర ముందే పెట్టాను. మూడు రోజుల్లో పద్దెనిమిది సార్లు ముంచాను. పద్దెనిమిది ఫొటోలు. తెనాలిలో కడిగిస్తే పద్దెనిమిదీ మసకే. చేప ఎక్కడో, పాచి ఎక్కడో తెలియలేదు.

మేస్త్రిగారు నెగెటివుల్ని వెలుగుకి పట్టుకుని ఒక్కొక్కటే చూశారు. "ఏ అంకె మీద పెట్టారండి?"

"రెండడుగుల మీదండి. కొలిచే పెట్టాను."

"ఆ అంకెలు చెక్కినవాడికి మన రింగు సంగతి తెలియదండి. నీళ్ల సంగతీ తెలియదు." నెగెటివుల్ని బల్ల మీద పెట్టారు. తరవాత, "తప్పు నాది. రింగు ఇచ్చాను గాని కొలత ఇవ్వలేదు" అన్నారు.

తప్పు నిజానికి నాది. నీటిలో వస్తువు ఉన్నదానికంటే దగ్గరగా, నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుందని ఏటా క్లాసులో చెప్పినదాన్ని నేను. ఆ మాటే ఆయనకి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. నేను మళ్లీ పలక వైపు చూస్తే, "తిరిగొచ్చిన పని వరసలోకి రాదండి. మొదటిది పూర్తి కాలేదన్నమాట. అలాగని మిగతావాళ్ల టైములోంచి తియ్యను. మధ్యాహ్నం భోజనం వేళ నాది" అన్నారు.

మర్నాడు మా లేబరేటరీ నుంచి రెండున్నర అడుగుల గాజు తొట్టిని ఒళ్లో పెట్టుకుని రైల్లో తీసుకొచ్చాను. పిన్నిగారు ఎదురొచ్చి, "చేపలేవమ్మా?" అన్నారు.

"చేపలు లేవండి పిన్నిగారూ. కొలబద్ద ముక్క పెట్టి చూస్తాం."

"నీళ్లలో కర్ర ముంచి ఇద్దరూ చూస్తారా? ఒకరు కాలేజీ, ఒకరు కార్ఖానా! అన్నం చల్లారిపోతోందయ్యా."

"చల్లారనీ. రేపటికైతే పులుస్తుంది, ఇవాళ్టికి ఏమీ కాదు" అన్నారాయన.

తొట్టి అద్దానికి కెమెరా ఆనించి, వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండాల్సినచోట ఇంజనీర్ల ట్రేసింగు కాయితం అతికించారు. షటరు తెరిచి ఉంచి, నల్లగుడ్డ కప్పుకుని ఇద్దరం వంతులవారీగా చూశాం. లెవెళ్ల పాత కొలబద్దల మీద అంకెలు తలకిందులుగా ఉంటాయి, ఆ దుర్భిణిలో అన్నీ తిరగబడి కనపడతాయి కనుక. కెమెరా కూడా తిరగేసే చూస్తుంది. అందుకని ఆ కాయితం మీద అంకెలు చక్కగా నిటారుగా నిలబడ్డాయి. ఆయన చిన్నపిల్లవాడిలా నా వైపు తిరిగి, "చూశారా అండి, బద్దకి కెమెరా కూడా చుట్టమే!" అన్నారు. నీళ్లలో రెండడుగుల దూరంలో ఉన్న బద్ద స్పష్టంగా రావాలంటే, లెన్స్ మీద నాలుగున్నర అడుగుల అంకె దగ్గర పెట్టాలని తేలింది. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది, అన్ని దూరాలూ తేల్చడానికి. ఒక్కో దూరం మూడుసార్లు. మూడూ కలిస్తేనే రాశారు. ఒక సన్నటి కాయితం పట్టీ మీద నీటిలోని అసలు దూరాలు పెన్సిలుతో గుర్తుపెట్టి, లెన్స్ చుట్టూ అతికించారు. ఆ నాలుగు రోజులూ ఆయన మూడు గంటలకి నిలబడే తిన్నారు.

అక్కడి నుంచి కథ ఎటు పోయిందో చెప్పేముందు, తరవాతి కాలం గురించి రెండు మాటలు. తొంభైలలో ఆ వరండాలో పలక మీద నంబర్లు తగ్గాయి. తమంతట తామే మట్టం సరిచూసుకునే కొత్త లెవెళ్లు వచ్చాయి. బాపట్ల, రేపల్లె మధ్య రొయ్యల చెరువులు పెరిగాక నా పని కూడా ఉప్పునీళ్లలోకి మారింది. కొత్త పెట్టె కొనాల్సివచ్చింది. దానికి సరిపడే కెమెరా మూడో కంపెనీది. అప్పటికి నా దగ్గర లెన్స్‌లు నాలుగయ్యాయి. అన్నీ పట్టుకుని వెళ్లాను. ఆయన కొత్త బాడీ మూతి లోపల మెరుస్తున్న చిన్న రాగి చుక్కలు కళ్లద్దాలు పైకెత్తి చూశారు.

"ఇవి లెన్సూ బాడీ కరెంటుతో మాట్లాడుకోవడానికండి. మధ్యలో మన రింగు పెడితే ఇద్దరికీ మాటలుండవు. ఈసారి మద్రాసు షాపువాళ్లు చెప్పిందే చెయ్యండి."

"ఎంత అతకదండి?" అన్నాను, ఆయన మాటే ఆయనకి.

"ఇది కొలతకి అందేది కాదండి" అన్నారు. బాధగా అనలేదు. తనకు తెలిసినదాని అంచు ఎక్కడుందో కూడా ఆయనకి కచ్చితంగా తెలుసు. అక్కడ ఆగడానికి సిగ్గుపడలేదు. నా పాత లెన్స్‌లు అమ్మడానికి మనిషిని కూడా ఆయనే వెతికిపెట్టారు. రింగు వేసిన లెన్స్‌ని మాత్రం నేను అమ్మలేదు.

మళ్లీ ఆ వేసవికి వస్తాను. కాయితం పట్టీతో తీసిన ఫొటోలు స్పష్టంగా వచ్చాయి. పిల్లల గుంపు, కింద ఒక చేప. ఒకే చేప. రెండోది ఎప్పుడూ చట్రం బయటే. సోమవారం కాలువ వదులుతారని లస్కరు కబురు చేశాడు. కాలువ వదిలితే మేస్త్రిగారికి కూడా మరమ్మతుల ఋతువు అయిపోయినట్టే. ఆదివారం ప్రార్థన అయ్యాక, ఆ కబురు చెప్పడానికి చర్చి బయట నిలబడ్డ నన్ను చూసి, "శనివారంతో లెవెళ్లన్నీ వెళ్లిపోయాయండి. రేపు నాకు పని లేదు. మీ చేపని ఒకసారి చూడొచ్చాండి?" అన్నారు.

సోమవారం తెల్లచొక్కాతో, టిఫిన్ క్యారేజీతో రేపల్లె బండెక్కారు. లస్కరు ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయనెవరమ్మా, చేపల డాక్టరా?" అన్నాడు.

"మీ శాఖ లెవెళ్లు బాగుచేసేది ఈయనే."

"ఓహో! అయితే మా నీళ్లు పల్లానికి పారేది ఈ బాబాయి పుణ్యమేనన్నమాట."

పొద్దున్న నుంచి నాలుగుసార్లు ముంచాను. నాలుగూ వృథా. మధ్యాహ్నం లస్కరు గట్టు మీంచి కేకేశాడు: "నీళ్లు దుగ్గిరాల ఎప్పుడో దాటాయమ్మా. పైతూములో చప్పుడు మొదలైంది. అరగంటే!" అరగంటలో పెట్టె ఒకటి రెండుసార్లకు మించి బిగించలేను. నా మనసులో వెంటనే వచ్చిన మాట, లస్కరుని ఇంకో గంట తూము ఎత్తవద్దని అడగాలని. నా కోసం అతను ఆగేవాడే. నోరు తెరవబోతుండగా మేస్త్రిగారు తల అడ్డంగా ఊపారు.

"వద్దండి. అటు చూడండి."

తూము కింది చేలగట్ల మీద రైతులు పారలు నేలకి ఆన్చి నిలబడి ఉన్నారు, నారుమడికి నీళ్ల కోసం. "వాళ్లు నెల నుంచి వరసలో ఉన్నారండి. మనం నిన్నగాక మొన్నొచ్చాం" అన్నారు.

పెట్టె బిగించాను. నా వేళ్లు మొద్దుబారి కడ్డీ మీద నిలవడం లేదు. మూడు గంటలుగా నీళ్లలో ఉన్నాను. అది చూసి ఆయన చేతులు చాపారు. తెల్లచొక్కాతోనే తూము చివరి మెట్టు మీద గోనెసంచి పరుచుకుని బోర్లా పడుకున్నారు. పెట్టె ముందు సగం నీళ్లలోకి దించి, వెనక అద్దానికి కన్ను ఆనించారు. ఇత్తడి కడ్డీ మీద వేలు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆయన వేలు చూస్తున్నాను. నేనైతే మొదటి చేప కనపడగానే నొక్కేసేదాన్ని. ఆయన నొక్కలేదు. "ఒకటుందండి" అన్నారు. చాలాసేపటికి, "కదిలింది. పైకి పోతోంది" అన్నారు. అప్పుడు కూడా నొక్కలేదు. మా వెనక తూము తలుపు మీద నీళ్లు తాకిన చప్పుడు.  "ఇంకోటి వస్తోందండి..." వేలు దిగింది.

ఆ ఫొటో వచ్చింది. పిల్లల ఎర్రటి చుక్కల కింద ఒక తల, పైన కుడివైపు మూలగా, గాలికి వెళ్తున్న రెండోదాని తోక. మొప్ప నుంచి తోక దాకా గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. వాటి వెనకాల బురద మసగ్గా ఉంది. నా పట్టాకి అదొక్కటే సరిపోయింది. మా గైడుగారు దాన్ని అద్దంతో చూసి, "ఎవరు తీశారు?" అని అడిగితే, నేను ఆయన పేరు చెప్పి, థీసిస్ మొదటి పేజీలో కూడా రాశాను. మేస్త్రిగారికి చూపిస్తే, "మేస్త్రి అని రాస్తే చాలేదండి" అన్నారు. అందుకే ఇప్పుడు ఇక్కడ అలాగే రాశాను.

ఆ రోజు షటరు చప్పుడయ్యాక ఇక చెయ్యడానికేమీ లేదు. పెట్టెలో ఇంకో ఫొటో లేదు, టైమూ లేదు. లస్కరు చక్రం తిప్పి తలుపు నాలుగు వేళ్లెత్తు లేపాడు. "బాబాయ్, లేవండి, తడుస్తారు" అన్నాడు. మేస్త్రిగారు కన్ను తియ్యలేదు. ముందు ఎండుటాకులు వచ్చాయి, తరవాత నురుగు, ఆ వెనక చల్లటి ఎర్రనీరు. ఎర్రచుక్కల గుంపు మెల్లిగా గట్టువైపు తుంగలోకి జరిగిపోయింది. గుంట అవతలి వైపు నుంచి రంగు మారుతూ మా వైపు వచ్చింది. నేను నిలబడ్డచోటి నుంచి ఇప్పుడు పెట్టె ముందున్న పుల్ల కూడా కనపడటం లేదు.

"కనపడుతోందాండి ఇంకా?" అన్నాను.

"లేదండి" అన్నారు. అయినా చొక్కా గుండెల దాకా తడిసిపోతుంటే, పెట్టెని కదపకుండా రెండు చేతులతో పట్టుకుని, ఆ ఎర్రనీటిలోకి అలాగే చూస్తూ ఉండిపోయారు.